రెండో పొట్లం

“మొగోళ్ళు లోపలికి రాకూడదన్నా, మీరు ఈడనే కూచోండి, పాపకు అంతా నేను చూపించుకోనొస్తా” అని వార్డెను సరసమ్మ నవ్వుతూ చెప్పి, నళినిని వెంటబెట్టుకుని కొండ మీది కాలేజీ హాస్టలు గేటు లోపలికి వెళ్ళిపోయింది. రాఘవులు పనసచెట్టు కింద సిమెంటు బల్ల మీద ఒక్కడే మిగిలాడు. ఆ మాట మొదట చెవికి చల్లగానే తగిలింది, ఆడపిల్లలు ఉండే చోటు అట్లాగే ఉండాలి, కానీ కూర్చున్న కాసేపటికే ఆ చల్లదనంలో ముల్లులాంటిది ఏదో గుచ్చుకోవడం మొదలుపెట్టింది. కన్నతండ్రి కూడా మొగోళ్ళలో లెక్కేనా, కన్నతండ్రికి చూపించకూడనిది లోపల ఏముంది, పై వరుసలో బంగారంలాంటి మామిడికాయలు పేర్చి కింది వరుసలో చెయ్యి పెట్టనివ్వని గంపలు గుడియాత్తం మండీలో తను ఎన్ని చూడలేదు. ఇక్కడ పై వరుస అంతా చూపించారు. కొత్తగా సున్నం కొట్టిన ఆఫీసు, అద్దాల బీరువాలో మెరిసే కప్పులు, పలకరించిన ప్రతి ముఖాన నవ్వు. నవ్వుకు కూడా సున్నం కొట్టినట్టే ఉంది. ఆ సరసమ్మ అయితే గుడియాత్తం అన్న మాట వినగానే అరవం వదిలేసి తెలుగులోకి దిగింది, మాది మేల్పాడన్నా, మనోళ్ళే, అంది. మనోళ్ళే. రాఘవులు మోసపోయిన ప్రతిసారీ మొదట వినబడింది ఆ మాటే. అందుకే ఉండబట్టలేక అడిగాడు, మేల్పాడిలో శివుడి గుడి యాడుండాదమ్మా అని. ఏటి గట్టునన్నా, అని ఆమె తడుముకోకుండా చెప్పింది. తడుముకోకపోవడమే అతనికి నచ్చలేదు. సొంత ఊరి సంగతి అడిగితే మనిషి కొంచెం ఆగుతాడు, ఎందుకు అడుగుతున్నావని ముఖం చూస్తాడు. వెంటనే జవాబిచ్చేవాళ్ళు ముందే సిద్ధమై ఉన్నవాళ్ళు.

గాలి వీచింది, నెత్తిమీద పనసాకులు గలగలమన్నాయి. జూన్ నెలలో ఇంత చల్లగాలి ఎక్కడినుంచి వస్తుంది. కింద గుడియాత్తంలో ఈ వేళకు తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటూ ఉంటుంది, అతని భార్య శారదమ్మ మేడ మీద ఆరబోసిన చింతపండు చూడటానికి కొంగు నెత్తిన కప్పుకుని ఎక్కుతూ ఉంటుంది, ఇక్కడేమో ఎవరో కావాలని తిప్పి పెట్టినట్టు గాలి. వచ్చిన తల్లిదండ్రులకు ఇది చాలు, అబ్బా ఎంత హాయిగా ఉండాదో అనుకుని పిల్లను అప్పజెప్పి పోతారు. వానాకాలంలో ఇదే గాలి ఏమవుతుందో ఎవరూ చెప్పరు. నళినికి చిన్నప్పుడు మంచు పడితే ఎదలో పిల్లికూతలు వచ్చేవి, ఎత్తుకుని రాత్రంతా ఏం చేయాలో తెలియక వసారాలో ఆ కొసనుంచి ఈ కొసకు తిరిగేవాడు, భుజం మీద ఆ చిన్న ఊపిరి ఈలలాగా వినిపించినా ప్రాణం పోయేది, వినిపించకపోయినా ప్రాణం పోయేది. అంతకు ముందు, వేలూరు ఆసుపత్రిలో పుట్టిన పూట, వరుసగా ఉయ్యాలల్లో అన్నీ ఒకే రంగు గుడ్డల్లో అన్నీ ఒకే ముఖంతో ఉన్న బిడ్డల్ని చూసి అతనికి భయం పట్టుకుంది, ఎవరైనా మార్చేస్తే ఎట్లా అని. శారదమ్మ సంచిలో ఉన్న కాటుక డబ్బా తీసి, నర్సు అటు తిరిగినప్పుడు, బిడ్డ అరికాల్లో చిన్న చుక్క పెట్టాడు. ఇంటికి వచ్చేదాకా గంటకోసారి గుడ్డ తొలగించి ఆ చుక్క చూసుకున్నాడు. ఈ సంగతి శారదమ్మ చుట్టాలందరికీ చెప్పి నవ్వింది, ఇప్పటికీ చెబుతుంది, మా ఆయనకు దేవుడిచ్చిన బిడ్డ మీద కూడా గుర్తు పెట్టుకోవాల అంటుంది. నవ్వితే నవ్వనీ. బిడ్డ మారలేదు కదా.

చెయ్యి తనంతట తానే చొక్కా జేబు మీదికి పోయింది. ఉంది. క్యాలెండరు కాగితం చిన్న పొట్లం, గోరంత బరువు కూడా లేదు, పొద్దుటినుంచి ఎద మీద ఇటుకలాగా కూర్చుంది.

ఇంట్లో ఏ సంగతీ తేలనప్పుడు పూలు కట్టి చూడటం వాళ్ళ వంశంలో పెద్దల నాటినుంచి ఉన్నదే. ఒక కాగితంలో తెల్ల గన్నేరు, ఒక కాగితంలో ఎర్ర గన్నేరు, రెండూ ఒకే తీరుగా మడిచి దారం చుట్టి, గంగమ్మ పటం ముందర పెట్టి దణ్ణం పెట్టుకోవాలి. ఏమీ తెలియని పసిబిడ్డ చేత ఒకటి తీయించాలి. తెల్లది వస్తే ఈ కొండ మీది కాలేజీ, చెట్ల చదువు, హాస్టలు. ఎర్రది వస్తే వేలూరు కాలేజీ, కామర్సు, పొద్దున బస్సెక్కితే సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇల్లు. తీసిన పొట్లం మాత్రమే తెరవాలి. తీయనిదాన్ని తెరవకూడదు, పారే నీళ్ళలో వదిలేయాలి. అమ్మ చెప్పని మాట మనం వినకూడదు నాయనా, అనేది అతని తల్లి. నిన్న శుక్రవారం పక్కింటి రంజని, ఇంకా బడిలో వేయని పిల్ల, బొటనవేలు నోట్లో పెట్టుకుని వచ్చి ఒక పొట్లం తీసింది. తెల్లది. నళిని ముఖం దీపంలాగా వెలిగింది, గట్టిగా నవ్వితే ఎక్కడ చెదిరిపోతుందోనన్నట్టు పెదాలు బిగబట్టుకుంది. శారదమ్మ మిగిలిన పొట్లం ఎత్తి అతని చేతిలో పెట్టింది, రేప్పొద్దున బస్సు మన వంతెన మీదనే కదా పోతాది, ఏట్లో వదిలేయండి, అంది. సరేనన్నాడు. తెల్లవారి బస్సు కిటికీ పక్కన కూర్చుని, వంతెన రాగానే పొట్లం తీసి పట్టుకుని కిందికి చూస్తే కౌండిన్యలో నీళ్ళచుక్క లేదు. ఇసక, ముళ్ళపొదలు, ఎవరో ఆరేసిన చీరలు. మోర్ధానా డ్యాములో తలుపులు ఎప్పుడెత్తుతారో ఏమో, అమ్మ పాదాల కాడ పెట్టిన పువ్వును ఇసకలో ఎట్లా పారేస్తాం. ఆంబూరు దగ్గర పాలారు దాటేటప్పుడు చూశాడు, అదీ ఇసకే. ఆలంగాయంలో దిగి బస్సు మారేటప్పుడు కుళాయి కింద పారే నీళ్ళు చూశాడు, అవి కాఫీ గ్లాసులు కడిగిన నీళ్ళు, మనసు రాలేదు. అట్లా అది జేబులోనే ఉండి, వంకర్లు తిరిగే దారంతా అతనితోపాటు ఊగుతూ కొండెక్కింది. ఇప్పుడు బల్లకు నాలుగడుగుల దూరంలో, రాళ్ళ మధ్య, రాత్రి వానకు ఒక వంక గలగలా పారుతోంది. పారే నీళ్ళే. లేచి రెండడుగులు వేసి వదిలేస్తే అయిపోతుంది. లేవలేదు.

లేవకపోవడానికి కారణం ఎవరికీ చెప్పుకోలేనిది. నిన్న శారదమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని పొట్లాలు కట్టేటప్పుడు అతను వసారాలో పేపరు అడ్డం పెట్టుకుని చూశాడు. చూడకూడదని తెలుసు. ఎర్ర పువ్వు పెట్టి మడిచిన పొట్లానికి దారం కొస కొంచెం పొడుగ్గా మిగిలింది. తెల్లదానికి కొస లేదు. అంతే, అంతకంటే చూడలేదు, రంజనిని పిలుచుకు రావడానికి తానే లేచి పక్కింటికి వెళ్ళాడు, తానే వెళ్ళాడు, ఎప్పుడూ శారదమ్మ వెళ్ళేది. దారిలో ఆ పిల్ల చేతిలో కమ్మరకట్టు మిఠాయి పెట్టి, చెవిలో చెప్పాడు, పొడుగు దారం ఉండేది తియ్యి కన్నా, ఇంకోటి ఇస్తా, అని. గంగమ్మకు అన్యాయం చేయాలని కాదు. అమ్మ మనసులో ఉన్నదీ తన మనసులో ఉన్నదీ ఒకటే అయి ఉంటుందనీ, పసిపిల్ల పొరపాటున ఇంకోటి తీస్తే అమ్మ మాట తప్పిపోతుందనీ, అట్లా అనుకున్నాడు, నిన్న అట్లా అనుకోవడం తేలికగానే ఉంది. రంజని బుద్ధిగా పొడుగు దారం పొట్లమే తీసింది. అతను కళ్ళారా చూశాడు. శారదమ్మ విప్పింది. లోపల తెల్లది.

నిన్న సాయంత్రంనుంచి అతను తిరుగుతున్నది ఈ గానుగ చుట్టే. ఎర్రది పెట్టిన పొట్లంలోనుంచి తెల్లది ఎట్లా వచ్చింది. అమ్మ మార్చిందా. మార్చగలదు, ఎందుకు మార్చలేదు, తల ఒకరిది ఒళ్ళు ఒకరిది అని పెద్దలు చెప్పే తల్లి, మొన్ననే శిరసు పండగనాడు ఊరేగి వచ్చిన శిరసు కోవెల్లో మొండెం మీద నిలబడగానే అంత జనమూ ఒక్క గొంతై అరిచినప్పుడు అతని ఒళ్ళంతా గగుర్పొడిచింది, తలలే మారిన తల్లికి ఒక గన్నేరు పువ్వు ఎంత. కానీ మార్చింది అమ్మ కాకపోతే. శారదమ్మ అయితే. అతను పక్కింటికి వెళ్ళిన ఆ కాసేపట్లో పొట్లాలు విప్పి పువ్వులు అటుదిటు చేసి ఉంటే, ఈ జేబులో ఉన్నది ఎర్రది. రెండింట్లోనూ తెల్లదే పెట్టి ఉంటే, జేబులో ఉన్నదీ తెల్లదే. అటుదిటు చేయడం వేరు, రెండూ తెల్లవే పెట్టడం వేరు. రెండోది అయితే గంగమ్మను అడగనే లేదు, అడిగినట్టు ఆడారు. ఇరవై ఏళ్ళకు పైగా పక్కన పడుకున్న మనిషి, శుక్రవారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, పటం ముందర ఆ పని చేస్తుందా. చెయ్యదు. చెయ్యదని అనుకోగానే, నిన్న సాయంత్రం తులసికోటలో కనబడిన ఎర్ర గన్నేరు పువ్వు కళ్ళముందుకు వచ్చింది. ఒక్కటే. ఎందుకుంది అది అక్కడ. రోజూ తులసికి పెట్టేది చామంతో మల్లో కదా. నేరుగా అడిగితే సరి, శారదా నువ్వు పూలు మార్చినావా, అని. ఆమె వెంటనే అడుగుతుంది, మీకెట్లా తెలుసు ఏ పొట్లంలో ఏది ఉండాదని. అక్కడ అతని నోరు మూతపడుతుంది. తన దొంగతనం చెప్పకుండా ఎదుటివాళ్ళ దొంగతనం అడగడానికి దారి లేదు.

అసలు ఈ పిల్లకు కొండ ఎందుకు పట్టింది. వేలూరు కాలేజీకి తానే తీసుకువెళ్ళాడు పోయిన వారం. బస్సు దిగితే కోట, కోట చుట్టూ అగడ్త, అంగళ్ళు, జనం, ఏమైనా అయితే ఆసుపత్రి, కాలేజీ వాకిట్లోనే మన ఊరి బస్సు ఆగుతుంది. ఇంకేం కావాలి. ఎట్లా ఉండాదమ్మా అంటే, బాగానే ఉండాది నాయనా అంది. బాగానే. అన్నం ఎట్లా ఉందంటే ఉప్పు తక్కువైనప్పుడు అనే మాట. నాకు లెక్కలు రాసే చదువు వద్దు నాయనా, చెట్లు చదువుకుంటాను, కొండ మీద ఆ చదువు ఉండాది, అంది. చెట్లు చదవడమేమిటి, మామిడితోట ఇంటి వెనకే ఉంది, రోజూ పోయి చదువుకో, ఎవరు వద్దన్నారు. అప్పుడు శారదమ్మ పొయ్యి దగ్గరనుంచే అంది, తోటలో ఏ చెట్టు ఎండినా ఎందుకెండిందో మీకు తెలిసిందా ఎప్పుడైనా, నరికి కట్టెలు చేయించడం తప్ప. ఆ మాట గుర్తుంది. తల్లీ కూతురూ ముందే మాట్లాడుకున్నారని అప్పుడే అనుమానం తగిలింది. చెట్ల వెనక ఇంకేదో ఉండాలి. ఇంకెవరో ఉండాలి. ఈ వయసు పిల్ల ఇంటికి దూరంగా పోవాలని పట్టుబడితే దూరం కోసం పట్టుబడదు, దూరాన ఉన్నదాని కోసం పట్టుబడుతుంది. ఆలంగాయంలో బస్సెక్కగానే ఒక కుర్రవాడు లేచి, ఉట్కారుంగ అయ్యా, అని సీటు ఇచ్చాడు. ఎందుకిచ్చాడు. బస్సులో తనకంటే పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. నళిని వాడివైపు చూడలేదు, ఒక్కసారి కూడా చూడలేదు, కిటికీలోనుంచి చెట్లే చూసింది. ఎరగనివాడైతే ఒకసారైనా చూడాలి కదా. పైన దిగాక వాడు వెనక్కి తిరగకుండా తన దారిన తాను పోయాడు, అదీ అతనికి నచ్చలేదు.

“ఏ ఊరు అయ్యా?” అని పక్కనుంచి అరవంలో వినబడింది. గేటు కాపలా మునియప్పన్, కొండమనిషి, ఆఫీసు దగ్గర ఇందాక దణ్ణం పెట్టినవాడే, వచ్చి చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. గుడియాత్తం అని చెప్పి, రాఘవులు తనకు తెలిసిన అరవంలో, మాట జారకుండా, అడగవలసినవి ఒక్కొక్కటే అడిగాడు.

“ఈడ రాత్రిపూట భయమేమైనా ఉండాదా?”

“ఉంది అయ్యా. ఎలుగుబంట్లు. పనస పండిందంటే దిగుతాయి.”

రాఘవులు తల ఎత్తి చూశాడు. నెత్తి మీద పనసకాయలు.

“హాస్టలు కాడికి వస్తాయా?”

“ఒకసారి వచ్చింది అయ్యా. సరసమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. మళ్ళీ రాలేదు.”

“మగపిల్లలు?”

మునియప్పన్ కాసేపు ఆలోచించాడు. “వాళ్ళు ఒకసారి కూడా రాలేదు” అన్నాడు.

రాఘవులుకు నవ్వు రాబోయి ఆగింది. ఈ మాట ఎంతమంది తండ్రులకు చెప్పాడో వీడు. బాగా తిరిగిన రూపాయిలాగా నున్నగా ఉంది. బస్సెప్పుడు కిందికి పోతుందని అడిగితే, ఇంకాసేపట్లో హారను కొడతాడు, ఇదే ఆఖరు, మీరు పిల్ల సంగతి ఆఫీసులో చెప్పేసి వచ్చేయాలి, ఇవాళ దాటితే సీటు ఇంకొకరికి పోతుంది, అని చెప్పి మునియప్పన్ లేచి గేటు దగ్గరికి పోయాడు. తొందరపెడుతున్నారు. మండీలో కూడా ఇంతే, ఇంకో లారీ వస్తా ఉండాది అన్నా, ఇప్పుడే చెప్పు, అంటారు. తొందరపెట్టే చోట సరుకు చూడనివ్వరు. వద్దని చెప్పేద్దాం. చలి అని చెబుదాం, ఎలుగుబంటి అని చెబుదాం. నళిని ఏడవదు, అదే కష్టం, ఏడిస్తే ఓదార్చవచ్చు, ఆ పిల్ల సరే నాయనా అంటుంది, బాగానే ఉండాది అంటుంది, మూడేళ్ళు బస్సులో వేలూరు పోయి వస్తుంది, తరువాత కూడా అంతా బాగానే ఉండాది అంటూనే బతుకుతుంది. ఆ బాగానేని తను రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని వినాలి.

టక్. పైనుంచి ఒక చప్పుడు. మళ్ళీ టక్. హాస్టలు మేడ మీద తెరిచి ఉన్న కిటికీలోనుంచి, ఇనుము మీద ఇనుము. కాస్త ఆగి, మళ్ళీ టక్, టక్. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాడు. నళిని గొంతు.

“ఈ గొళ్ళెం లోపల వేసుకుంటే బయటినుంచి తీయలేరు కదక్కా?”

“తీయలేరమ్మా.”

“మీరు బయటికి పోయి ఒకసారి తోయండి చూస్తాను.”

సరసమ్మ ఏదో గొణిగింది, తలుపు మూసుకుంది, ధబధబమని తోసిన చప్పుడు. మళ్ళీ తోయండక్కా, భుజం పెట్టి తోయండి. ధబ్. లోపలినుంచి గొళ్ళెం తీసి తలుపు తెరిచిన చప్పుడు. సరే, ఇప్పుడు నీళ్ళతొట్టి మూత చూపించండి, పోయిన ఏడు ఈ గదిలో ఉండిన అమ్మాయి ఎందుకు పోయింది, చదువు అయిపోయిందా, మధ్యలో పోయిందా, ఆ అమ్మాయి నంబరు ఉండాదా మీ కాడ. ఎందుకమ్మా. ఊరికే అక్కా, పలకరించేదానికి. రాఘవులు బల్ల మీద కదలకుండా కూర్చున్నాడు. రాత్రి పడుకునే ముందర అతను వీధి తలుపు గొళ్ళెం వేసి, వచ్చి పడుకుని, లేచి వెళ్ళి చూసి, వచ్చి పడుకుని, ఇంకోసారి లేస్తాడు. మా నాయనకు గొళ్ళెం మీద నమ్మకం లేదు, వేసిన చేతి మీదా లేదు, అని చిన్నప్పుడు పక్కమీదనుంచి నవ్వేది. నవ్వుతూ పడుకునే ఉండేది, నిద్రపోయేది కాదు, మూడోసారి టక్ అనేదాకా వినేది. ఎవరికీ నేర్పాలని నేర్పలేదు. ఆస్తి రాసి ఇస్తాం, ముక్కూ చెవులూ ఇస్తాం, ఇది కూడా పోతుందని ఎవరికి తెలుసు, బిడ్డ అరికాల్లో పెట్టిన కాటుక చుక్క చెరిగిపోయిందనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఇక ఆ గదిలో తను చూడవలసింది ఏముంది. పై వరుస ఎత్తి కింది వరుసను తడిమే చెయ్యి లోపలే ఉంది.

అప్పుడు లేచాడు. వంక దగ్గర ఒక రాయి మీద కూర్చుని పొట్లం తీశాడు. వదిలేయడానికే తీశాడు. వేళ్ళు మాత్రం దారం వెతుకుతున్నాయి, తల్లి మాట చెవిలో ఉంది, అమ్మ చెప్పని మాట వినకూడదు నాయనా, తల్లీ క్షమించు, నీ మీద కాదు నా అనుమానం, అనుకుంటూనే ముడి కోసం తడిమాడు. దొరకలేదు. శారదమ్మ ముడి ఎప్పుడూ దొరకదు. కోవెలకు మాలలు కట్టిన చెయ్యి, ఎంత పొడుగు మాల కట్టినా దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కనబడదు, కొస బయటికి వస్తే అమ్మ మెడకు గుచ్చుకుంటుందని లోపలికి మడిచి దాచేస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె కట్టిన దేనికీ అతను దారం కొస చూడలేదు. నిన్న ఒక్కదానికి తప్ప.

రాఘవులు చేతిలో పొట్లం అట్లాగే పట్టుకుని నీళ్ళవైపు చూశాడు. ఆ కొస పొరపాటున మిగలలేదు. అతని కోసం మిగిలింది. వసారాలో పేపరు వెనక ఎవరున్నారో ఆమెకు తెలుసు, పేపరు తలకిందులుగా పట్టుకున్నాడో ఏమో కూడా తెలుసు, చూస్తాడనీ, చూసి ఊరుకోడనీ, పిల్లను పిలవడానికి తానే లేస్తాడనీ తెలుసు. పొద్దుటినుంచి కాలేజీనీ కొండనీ గాలినీ సీటిచ్చిన కుర్రవాణ్ణీ అతను అనుమానిస్తుంటే, నిన్నటినుంచే తనను ఒక మనిషి అనుమానించి, ఆ అనుమానానికి దారం కట్టి పెట్టి, నిమ్మళంగా పొయ్యి వెలిగించుకుంది. చిరిగితే చిరిగిందని కాగితం అంచు చింపాడు. లోపల వాడిపోయి, అంచులు గోధుమరంగు తిరిగి, అయినా తెల్లగానే, తెల్ల గన్నేరు.

కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాడు. గంగమ్మను అడగకుండా అడిగినట్టు ఆడింది, అది పాపం కాదా. మరి అమ్మ నోట తన మాట పలికించాలని పసిపిల్లకు కమ్మరకట్టు ఇవ్వడం ఏమిటి. ఇద్దరు దొంగల మధ్య పటంలో అమ్మ ఏం చేసింది, కళ్ళు మూసుకుందా. మూసుకోదు, ఆ కళ్ళు మూతపడవు. ఆమె వద్దనుకుంటే ఎన్ని దారులు, రంజనికి జ్వరం రావచ్చు, బస్సు చెడిపోవచ్చు, కౌండిన్యలో మోకాలిలోతు నీళ్ళు ఉండవచ్చు, ఈ పొట్లం పొద్దున్నే కొట్టుకుపోవచ్చు. నీళ్ళు లేకుండా చేసి ఇక్కడిదాకా పంపింది. లేక ఇవన్నీ తనకు అనుకూలంగా అనుకుంటున్న మాటలేనా, నిన్నటిలాగే. తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. నళిని వచ్చి అడుగుతుంది. తెల్లదే ఉందమ్మా రెండింట్లోనూ, మీ అమ్మ దేవుడి ముందరే మోసం చేసింది, ఆ వాక్కు చెల్లదు, పద కిందికి, అంటే అయిపోతుంది. ఎవరూ కాదనలేరు. ఆ పిల్ల సరే నాయనా అంటుంది. పువ్వును కాగితంతో సహా నీళ్ళలో వదిలాడు. రాతికి తగిలి ఒకసారి తిరిగి, తెల్లగా కనబడి, మలుపు దాటిపోయింది.

కింద రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. నళిని గేటు దాటి వచ్చింది, వేళ్ళకు గొళ్ళెం తుప్పు ఎర్రగా అంటుకుని ఉంది, పావడాకు తుడుచుకోకుండా చెయ్యి దూరంగా పట్టుకుంది. వెనక సరసమ్మ భుజం రుద్దుకుంటూ గేటులోనే నిలబడింది. నళిని వంకలో పారే నీళ్ళనూ, తండ్రి ఖాళీ చేతులనూ చూసింది.

“పొట్లం వదిలేస్తివా నాయనా?”

“వదిలేసినానమ్మా. ఏట్లో నీళ్ళు లేవు కదా, ఈడ వదిలేసినాను.”

“దాంట్లో ఏ పువ్వుండె?”

చూడలేదమ్మా, అనవచ్చు. అది కూడా ఒక మాటే. మేడ మీది కిటికీ వైపు చూశాడు.

“ఎర్రదే” అన్నాడు రాఘవులు. “ఎర్ర గన్నేరు.”

నళిని కదల్లేదు. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండాయి, ఏడవని పిల్ల. తరువాత మెల్లగా అంది, “అమ్మ ఒక మాట చెప్పి పంపించింది నాయనా. ఏట్లో నీళ్ళుండవు, మీ నాయన ఆ పొట్లం తెరవకుండా ఉండడు, రెండూ తెల్లవే, అనింది. ఆయన తెల్లదని చెప్తే మారుమాట ఆడకుండా వెంట దిగొచ్చేయి, వేలూర్లోనే చేరు. ఎర్రదని చెప్తే ఆయన మనసారా ఒప్పుకున్నట్టు, చేరిపో, అనింది.”

రాఘవులు కూతురి ముఖంలోకి చూశాడు. శారదమ్మ నిజంగా అన్న మాటేనా ఇది, లేక తండ్రి చెప్పిన అబద్ధాన్ని పట్టుకుని ఈ పిల్ల ఇప్పటికిప్పుడు అల్లిందా. శారదమ్మ అనగలదు. ఈ పిల్లా అల్లగలదు. ఆ పిల్ల కూడా అతని ముఖంలోకే చూస్తోంది, నమ్మాడా లేదా అని, కళ్ళు కొంచెం చిన్నవి చేసి, తలుపు ఇవతల నిలబడి గొళ్ళెం పడిందా లేదా అని వినేవాళ్ళలాగా. అడగలేదు.

“గొళ్ళెం గట్టిగా ఉండాదా?” అన్నాడు.

“లోపలిది గట్టిదే నాయనా. ఒక మేకు వదులుగా ఉండాది, మార్పిస్తేనే చేరతానని చెప్పినాను.”

ఆ ఒక్క మాట మీద అతనికి ఏ అనుమానమూ రాలేదు. బస్సును కాసేపు ఆపమని మునియప్పన్‌కు చెయ్యి ఊపి, కూతురి వెంట ఆఫీసు వైపు నడిచాడు.